బస్రా వదిలి వెళ్ళినవాడు

సెప్టెంబర్ 3, 2024. మంగళవారం

కొత్త డ్యూటీ. హోమ్ కేర్. ఇక వార్డు లేదు.

నేనే అడిగి మార్పించుకున్నాను. హాస్పిటల్లో నా ఫ్లోరుకు పోవాలంటే పిల్లల వార్డు ముందు నుంచే పోవాలి. లిఫ్ట్ ఆ వైపే ఉంది. మేట్రన్ ఏమీ అడగకుండా సంతకం పెట్టింది.

పేషెంట్ ఎనభై దాటిన ముసలాయన. రిటైర్డ్ ప్రొఫెసర్. అందరూ ఉస్తాద్ అంటారు, నేనూ అదే అంటాను. క్యాన్సర్ ఎముకల్లోకి దిగింది. వెన్ను, తుంటి, పక్కటెముకలు. ట్రీట్‌మెంట్ ఆపేశారు. నొప్పి లేకుండా చూసుకోవడమే నా పని. పగలు డ్యూటీ, శుక్రవారం సెలవు.

జెద్దాకు వచ్చి ఇన్నేళ్ళయినా ఇలాంటి ఇంట్లో అడుగు పెట్టలేదు. గోడలు కనిపించవు, అన్నీ పుస్తకాలే. కూతురు జైనాబ్‌ది బ్యాంకులో పెద్ద ఉద్యోగం. నాన్న ఎక్కువ మాట్లాడతారు, విసుక్కోవద్దు అంది. వంటింట్లో జగిత్యాల లస్మవ్వ. నా మొహం చూడగానే తెలుగని పట్టేసింది. "రాయచోటా? గదెక్కడ బిడ్డా? సరే తియ్, మనోళ్ళే గదా" అని టీ ఇచ్చింది.

పెయిన్ స్కోర్ అడిగాను. సున్నా నుంచి పది దాకా ఎంత అని. పది అంటే ఏమిటో ముందు చెప్పు అన్నాడు ఉస్తాద్. ఊహించగలిగినంత పెద్ద నొప్పి అన్నాను. ఎవరు ఊహించగలిగినంత, నువ్వా నేనా అన్నాడు. లండన్‌లో చదివాడట, ఇంగ్లీషు గట్టిది.

చార్టులో ఆ గడి ఖాళీగా వదిలేశాను.

సెప్టెంబర్ 9

ఈయన జీవితమంతా ఒకే మనిషి మీద పని చేశాడు. వెయ్యేళ్ళ కిందటి మనిషి మీద. యహ్యా ఇబ్న్ వర్దాన్.

ఒళ్ళు తుడుస్తుంటే చెబుతాడు. పక్కకు తిప్పుతుంటే చెబుతాడు. తిప్పినప్పుడు నొప్పికి మాట ఆగిపోతుంది, మళ్ళీ ఆగిన చోటి నుంచే అందుకుంటాడు. ఇబ్న్ వర్దాన్ బస్రాలో పుట్టాడట. తండ్రిది సంతలో ఖర్జూరం తూచే పని. చిన్నప్పుడే ఒక కన్ను పోయింది. నేర్చింది కలాం. అంటే దేవుడి గురించి తర్కంతో వాదించే చదువు. బాగ్దాదులో వజీరు ముందు వాదనకు నిలబడ్డాడు. ఒంటి కంటివాడికి సగమే కదా కనిపించేది అని ఎదుటి పండితుడు వెక్కిరించాడట. మిగతా సగం నువ్వు చూసి చెప్పు, రెండూ కలిపి చూద్దాం అన్నాడట ఇబ్న్ వర్దాన్. వజీరు నవ్వాడట. ఆ రోజు నుంచి పేరు.

ఆయన పుస్తకం నిండా ఒకటే వరస. వాళ్ళు ఇలా అంటే, మేము ఇలా అంటాం. దానికి వాళ్ళు ఇలా అంటే, మేము ఇలా అంటాం. ఉస్తాద్‌కు అదే అలవాటైంది. సూప్ తాగమంటే, "నర్సు తాగమంటే, ఉప్పు లేదని మేము అంటాం" అన్నాడు.

నవ్వొచ్చింది. నవ్వి చాలా రోజులైంది. భయమేసింది కూడా.

సెప్టెంబర్ 20. శుక్రవారం

మా ఆయన ఇష్తియాక్ యాన్బు నుంచి వచ్చాడు. నిన్న సాయంత్రం వచ్చి పడుకున్నాడు. ఈ రోజు జుమ్మా నమాజు చేసి, అటు నుంచి అటే ఖబ్రస్తాన్‌కు పోయి వచ్చాడు. చెప్పులు బయట దులిపి లోపలికి వచ్చాడు. ఎలా ఉంది అన్నాను. "బాగుండాది" అన్నాడు. అంతే. ప్రతిసారీ అంతే.

ఇక్కడ ఆడవాళ్ళు లోపలికి పోరు. గోడ మాత్రం చూశాను. ఒకసారి ట్యాక్సీలో ఆ వీధి గుండా రెండుసార్లు తిప్పించుకున్నాను. గోడ వెనక ఏ వైపు, ఎంత లోపల, పక్కన ఎవరు, ఏదీ తెలియదు. అడిగితే ఆయన మొహం రాయిలా అయిపోతుంది. రిఫైనరీలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్. ఏ వాల్వ్ ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెబుతాడు. ఇది మాత్రం చెప్పడు.

షాబాజ్ పేరు ఈ ఇంట్లో ఎవరూ అనరు. నేను ఇక్కడ రాస్తాను. షాబాజ్. మా ఒక్కగానొక్క కొడుకు. ఏడేళ్ళు. బ్లడ్ క్యాన్సర్.

అక్టోబర్ 6

లస్మవ్వ లేనప్పుడు వంటింట్లో నేనే సూప్ కాచాను. ఉప్పు వేశాను. తాగాడు.

ఈ రోజు అసలు విషయానికి వచ్చాడు. ఇబ్న్ వర్దాన్ పెద్ద పుస్తకంలో అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదట. తప్పు చేసినవాడికి నొప్పి వస్తే శిక్ష అనుకోవచ్చు. ఏ తప్పూ తెలియని పసిబిడ్డకు నొప్పి ఎందుకు? మూగజీవికి ఎందుకు?

ఇబ్న్ వర్దాన్ జవాబు: దేవుడు న్యాయవంతుడు. కాబట్టి ప్రతి నొప్పికీ పరిహారం ఉంటుంది. ఒక్కటి కూడా వదలకుండా. పిల్లలకు, ఒంటెలకు, చీమలకు. దీన్ని పట్టుకుని బస్రా సంతలో కుర్రాళ్ళు ఆటపట్టించేవాళ్ళట. ఓ యహ్యా, నా తలలో పేనును నలిపాను, దానికీ స్వర్గంలో ఇల్లుందా అని. ఉంది, దాని పక్కన నీకుందో లేదో చూసుకో అనేవాడట.

అవతలి వర్గం వాళ్ళది ఇంకో మాట. యజమాని తన సొత్తును ఏమైనా చేసుకుంటాడు. ఎవరికీ ఏమీ ఇవ్వనక్కర లేదు.

ఉస్తాద్ చదరంగం ఎత్తుల్లా చెప్పుకుపోతున్నాడు. కళ్ళు మెరుస్తున్నాయి. నేను కాథెటర్ బ్యాగు మార్చాను. చేతులు కడుక్కున్నాను. మళ్ళీ కడుక్కున్నాను.

అక్టోబర్ 22

ఈ రోజు స్కోర్ ఏడు అన్నాడు. నిర్వచనం అడగలేదు.

అక్టోబర్ 29

నొప్పికి ఒంటి మీద అంటించే మందు ప్యాచ్ వద్దంటున్నాడు. మత్తుగా ఉంటుందట, తల పని చేయదట. ఇబ్న్ వర్దాన్ మీద తను రాస్తున్న పుస్తకంలో చివరి చాప్టర్ మిగిలింది. బేరూత్‌లో పబ్లిషర్ ఎదురు చూస్తున్నాడు. సాయంత్రం జైనాబ్ వచ్చాక ఆయన చెబుతాడు, ఆమె లాప్‌టాప్‌లో కొడుతుంది. నొప్పికి పళ్ళు కొరుకుతూనే చెబుతాడు. ఆమె మొహం చూడలేను.

చివరి చాప్టర్ ఏమిటంటే, ఇబ్న్ వర్దాన్‌కు నడివయసు దాటాక ఒక కూతురు పుట్టింది. ఆరేళ్ళకు మశూచి వచ్చి పోయింది. ఆ తర్వాత ఆయన ఏమయ్యాడన్నది ఒకే ఒక వాక్యంలో ఉంది. శిష్యుడి శిష్యుడు రాశాడు. ఒక్క ప్రతే మిగిలింది. ఆ వాక్యంలో ఒక్క అక్షరం దగ్గర తడి తగిలి సిరా చెదిరింది. దాన్ని "రా" అని చదివితే "రజఅ". వెనక్కి తిరిగాడు, అంటే తన వాదం వెనక్కి తీసుకున్నాడు. "వావ్" అని చదివితే "వజఅ". నొప్పి పడ్డాడు.

ఉస్తాద్ నలభై ఏళ్ళుగా "రజఅ" అంటున్నాడు. ఆయన పేరంతా దాని మీదే నిలబడింది. బిడ్డ చనిపోయాక ఒక మహా తార్కికుడు తన సిద్ధాంతం వదులుకున్నాడు, ఇదీ ఆయన కనిపెట్టింది. ట్యునిస్‌లో ఒక పండితుడు మాత్రం "వజఅ" అన్నాడట. ఉస్తాద్ అతణ్ణి పేపర్లో ఏకిపారేశాడు. బిడ్డ పోతే నొప్పి పడ్డాడని చరిత్రలో రాస్తారా, అది కూడా వార్తేనా, రేపు నీళ్ళు తడిగా ఉన్నాయని రాస్తారు అని. అది చెప్పి ఉస్తాద్ ఇప్పటికీ మురిసిపోతాడు.

వజా అంటే నొప్పి. ఈ దేశం వచ్చాక నర్సుకు మొదట నేర్పే మాట అదే.

నవంబర్ 12

షాబాజ్ పోయి ఏడాది.

ఇష్తియాక్ ఫోన్ చేశాడు. తేదీ మాట ఎత్తలేదు. కాంట్రాక్ట్ మార్చితో అయిపోతుంది, రెన్యూవల్ వద్దని చెప్పేశానన్నాడు. ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని ఇద్దరం రాయచోటికి పోదామన్నాడు. నేను రానన్నాను. "ఈడ ఎవురుండారు ఆసిఫా మనకి?" అన్నాడు.

ఎవరున్నారో ఆయనకు తెలియదా? ఫోన్ పెట్టేశాను.

ఎగ్జిట్ అయిపోతే మళ్ళీ వీసా ఎప్పుడొస్తుందో, అసలొస్తుందో రాదో. పిల్లాడిని ఒక్కడినే వదిలి పోవాలా? లోపలికి పోలేకపోతే మానె, గోడ ఇవతలైనా ఉండొద్దా నేను?

నవంబర్ 17

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున వెన్నుకు డ్రెస్సింగ్ చేస్తున్నాను. ఉస్తాద్ మంచి హుషారులో ఉన్నాడు. పరిహారం వాదంలో పెద్ద చిక్కు ఒకటుంది, వింటావా అన్నాడు. వాళ్ళు ఇలా అంటారు: దేవుడు ఆ పరిహారమేదో నొప్పి లేకుండానే ఇవ్వొచ్చు కదా? కొట్టి మరీ మిఠాయి ఇవ్వడం ఎందుకు? దానికి ఇబ్న్ వర్దాన్ అంటాడు: పరిహారం ఒక్కటే చాలదు, నిజమే. ఆ నొప్పిలో ఇంకొకరికి పాఠం కూడా ఉండాలి. చూసేవాళ్ళకు. తల్లికి, తండ్రికి, ఇరుగుపొరుగుకు. పాఠం ఉంది కాబట్టి ఆ నొప్పి వృథా కాదు. ఎంత అందమైన ఎత్తు చూశావా అన్నాడు ఉస్తాద్.

గాజుగుడ్డ ట్రేలో పెట్టేశాను. నా కొడుకు ఎవరికి పాఠం ఉస్తాద్ అన్నాను.

నాకు కొడుకున్నాడని ఆయనకు తెలియదు. తల తిప్పి చూశాడు. తిప్పడానికి ఎంత నొప్పి పుట్టిందో నాకు తెలుసు, అయినా ఆగలేదు. అంతా చెప్పేశాను. మొదట కాళ్ళు నొప్పి అన్నాడు, ఫుట్‌బాల్ ఆడి వచ్చాడు కదా అనుకున్నాం. తర్వాత రాత్రి పక్క దుప్పటి తగిలినా అరిచేవాడు. పిల్లలకు నంబర్లు అడగరు, మొహాల బొమ్మలు చూపిస్తారు, నవ్వే మొహం నుంచి ఏడ్చే మొహం దాకా ఆరు. షాబాజ్ నాకు ఎప్పుడూ మూడో బొమ్మే చూపించేవాడు. నేను పక్కన లేనప్పుడు ఆరో బొమ్మ మీద వేలు పెట్టేవాడట. తర్వాత ఒక సిస్టర్ చెప్పింది. ఏడేళ్ళవాడు. అమ్మ బాధపడుతుందని. ఇందులో పాఠం ఏది? నేర్చుకోవలసింది ఎవరు? నేనా? నాకు పాఠం చెప్పడానికి వాడి ఎముకలే దొరికాయా?

సగం నుంచి తెలుగులో అరుస్తున్నానని తర్వాత తెలిసింది. లస్మవ్వ పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

 తెలుగులో అన్నదానికి ఉస్తాద్ అర్థం అడగలేదు. డ్రెస్సింగ్ పూర్తి చేశాను.  ట్రే తీసుకుని వంటింట్లోకి పోయాను.

లస్మవ్వ నన్ను కింద కూచోబెట్టి తను ఎదురుగా కూచుంది. "ఏడ్వు బిడ్డా. నేను తలుపేసిన. ఎవ్వలు రారు" అంది. ఏడుపు రాలేదు. ఇన్నాళ్ళూ ఎవరూ ఏడవమనలేదు. అందరూ సబర్ చేసుకో, ఓర్చుకో అనే అన్నారు.

నవంబర్ 18

ఉద్యోగం పోతుందనుకుని వెళ్ళాను. పోలేదు.

ఉస్తాద్ సలాం చెప్పాడు. నీ కొడుకుకు చివర్లో మందు ఇచ్చారా అన్నాడు. మార్ఫిన్ ఇచ్చారన్నాను. పని చేసిందా అన్నాడు. చేసిందన్నాను. అల్‌హందులిల్లాహ్ అన్నాడు. 

తర్వాత, నాకూ ఆ ప్యాచ్ వేసెయ్ అన్నాడు.

డిసెంబర్ 1

డిక్టేషన్ ఆగిపోయింది. మత్తులో పడుకుంటున్నాడు. లేచినా పుస్తకం మాట ఎత్తడం లేదు.

జైనాబ్ ఈ రోజు నన్ను బయట వరండాలోకి పిలిచింది. నాన్నతో ఏం మాట్లాడావు అంది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నీ బిడ్డ సంగతి నాకు తెలియదు, అల్లా నీ గుండెకు బలమివ్వాలి అంది. కానీ ఆ పుస్తకం మా నాన్నకు ప్రాణం, అది పూర్తి కాకుండా పోతే ఆయన నలభై ఏళ్ళూ పోయినట్టే అంది. హాస్పిటల్‌తో మాట్లాడి వేరే నర్సును పెట్టుకుంటానంది. కోపంగా అనలేదు. అలసిపోయి అంది.

ఆమెది తప్పని అనలేను.

డిసెంబర్ 3

నన్ను తీయలేదు. ఉస్తాద్ ఒప్పుకోలేదట. "ఆ ముసలోడు గట్టిగ జెప్పిండు. నువ్వు లేకుంటె సూప్ గూడ తాగనన్నడట" అని లస్మవ్వ చెప్పింది.

డిసెంబర్ 30

చాలా రోజులకు ఇబ్న్ వర్దాన్ మళ్ళీ వచ్చాడు. ఈసారి నేనే అడిగాను. తర్వాత ఏం చేశాడు అని.

మరుసటి ఏడు బస్రా వదిలేశాడట. మోసుల్‌కు పోయాడు. అక్కడ పదేళ్ళ పైన బతికాడు. కలాం చెప్పలేదు. పిల్లలకు వ్యాకరణం చెప్పుకుని బతికాడు. క్రియలు, విభక్తులు. వాదానికి పిలిస్తే ఒళ్ళు బాగాలేదనేవాడు. బస్రాకు మళ్ళీ రాలేదు. అక్కడే పోయాడు.

కూతురు బస్రాలోనే కదా ఉంది అన్నాను. అవును అన్నాడు. మరి వదిలి ఎలా పోయాడు అన్నాను.

ఉస్తాద్ నోరు తెరిచాడు. వాళ్ళు ఇలా అంటే, అని మొదలుపెడతాడనుకున్నాను. మొదలుపెట్టలేదు.  పుస్తకాల వైపు చూశాడు. తన పుస్తకంలో దాని గురించి "తర్వాత మోసుల్ చేరెను" అని మూడే మాటలున్నాయట. ఎవరూ అడగలేదు, తనకూ తట్టలేదు అన్నాడు.

లా అద్రీ అన్నాడు. నాకు తెలియదు.

ఈ ఇంట్లో ఆ మాట వినడం ఇదే మొదలు. నాకు ఏదో జవాబు దొరుకుతుందని ఎంత ఆశపడ్డానో అప్పుడు తెలిసింది.

జనవరి 6, 2025

వాన. జెద్దా వాన అంటే వరదే. అండర్‌పాసులు మునిగాయి. లస్మవ్వ, నేను కిటికీ దగ్గర నిలబడి చూశాం. రోడ్డు మీద నీళ్ళు ఎర్రగా పోతున్నాయి. కారొకటి తేలుతూ వచ్చి స్తంభానికి ఆనింది.

ఆ గోడ లోపల నేల ఎత్తుగా ఉంటుందా, పల్లమా? ఇష్తియాక్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

జనవరి 10. శుక్రవారం

వచ్చాడు. రోడ్డు బాగాలేకపోయినా వచ్చాడు. ఖబ్రస్తాన్‌కు పోయి చాలా ఆలస్యంగా తిరిగొచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. ఎలా ఉంది అన్నాను.

"బాగుండాది."

ప్యాంటు నేనే ఉతికాను. నీళ్ళు పోశాను. మట్టి పోవడానికి చాలాసేపు పట్టింది. పోనివ్వడానికి మనసొప్పలేదు కూడా.

జనవరి 28

ఉస్తాద్ ఒక మాట అడిగాడు. ప్యాచ్ తగ్గించమన్నాడు. పొద్దున పూట కాస్త తెలివిగా ఉండాలి, చివరి చాప్టర్ చెప్పాలి అన్నాడు. నొప్పి ఎంత వస్తుందో తెలుసా అన్నాను. పది అంటే ఏమిటో కనుక్కుంటా అన్నాడు. నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

డాక్టర్‌తో మాట్లాడాను. పేషెంట్ కోరితే తగ్గించమన్నాడు. జైనాబ్ లీవు పెట్టింది. నేను ఆయన వెన్ను వెనక దిండ్లు పెట్టి, తడిగుడ్డతో చెమట తుడుస్తూ పక్కనే నిలబడ్డాను. చెప్పడం, ఆగడం, ఊపిరి పట్టడం, మళ్ళీ చెప్పడం. మధ్యలో ఒకసారి చాలు ఉస్తాద్ అన్నాను. ఇంకొంచెం బింతీ అన్నాడు. బింతీ అంటే నా బిడ్డా అని.

ఫిబ్రవరి 2

చాప్టర్ అయిపోయింది. జైనాబ్ పెద్దగా చదివి వినిపించింది. నాకు అర్థమైనంత రాస్తున్నాను.

నలభై ఏళ్ళు నేను దీన్ని రజఅ అని చదివాను. ట్యునిస్ మిత్రుడు వజఅ అని చదివితే ఎగతాళి చేశాను. అతను ఇప్పుడు లేడు, క్షమాపణ అడగడానికి. ఆ సిరాను మళ్ళీ చూశాను. అది ఏ వైపూ తేల్చదు. మొదటి నుంచీ తేల్చలేదు. నాకు కావలసింది నేను చదివాను. సిద్ధాంతం మార్చుకోవడం పెద్ద సంగతి అనుకున్నాను, నొప్పి పడటం చిన్న సంగతి అనుకున్నాను. బిడ్డను పాతిపెట్టిన ఊరిని ఆ మనిషి ఎలా వదిలి వెళ్ళాడన్నది నేను ఎన్నడూ అడగలేదు. ఒక తల్లి అడిగింది. నాకు తెలియదు.

అంతే చాప్టర్.

జైనాబ్ లాప్‌టాప్ మూసి, నాన్నా ఇలా వేస్తే అందరూ నవ్వుతారు అంది. నీ జీవితమంతా నువ్వే కొట్టేసుకున్నట్టు ఉంటుంది అంది. ఉస్తాద్ గొంతు దాదాపు వినపడటం లేదు. వంగి విన్నాను.

"వాళ్ళు నవ్వితే, నవ్వండి అని మేము అంటాం."

ఆమె తండ్రి చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంది. నేను ప్యాచ్ మార్చాను. ఫుల్ డోస్.

ఫిబ్రవరి 9

మాట లేదు. తిండి లేదు. నాలుక మీద మక్కా జంజం నీళ్ళు చుక్క చుక్కగా వేస్తున్నాను. వేలు పట్టుకుంటే పట్టుకుంటున్నాడు.

ఫిబ్రవరి 14. శుక్రవారం

తెల్లవారుజామున పోయాడు. జైనాబ్ ఫోన్ చేసి చెప్పింది. నొప్పి లేకుండా పోయారు ఆసిఫా, అది నీ పుణ్యం అంది.

నేను సెలవైనా వెళ్ళాను. ఇష్తియాక్ నాతో వచ్చాడు. జుమ్మా తర్వాత జనాజా నమాజు. మగవాళ్ళంతా పోయారు. ఇష్తియాక్ కూడా భుజం పట్టాడట. అదే ఖబ్రస్తాన్.

నేను, జైనాబ్, లస్మవ్వ ఇంట్లోనే. ముగ్గురం ఖాళీ మంచం చుట్టూ కూచున్నాం. దుప్పట్లు మడతపెట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఆఖరికి లస్మవ్వ లేచింది. "నేన్ జేస్త. మీరు జూడకుండ్రి" అంది.

ఇష్తియాక్ సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక వచ్చాడు. కార్లో ఎక్కాం. తాళం తిప్పలేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూచున్నాడు. పోదాం కదా అన్నాను.

"నాకు తెల్దు ఆసిఫా" అన్నాడు.

ఏది తెలియదు అన్నాను.

"యాడుండాడో తెల్దు. వానకి అంతా పొయ్యింది. గుర్తుకి రెండు రాళ్ళు పెట్టింటి, అవి యాటికి కొట్టుకుపొయినాయో. మట్టి అంతా ఒగటే మట్టసం అయిపొయింది. వాళ్ళు మల్లా కంకర పోసినారు. ఆ పొద్దు శానాసేపు ఎతికితి. ఆఫీసులో అడిగితి, ఆ వరసలో యాదో ఒగటి అన్నారు. అప్పట్నించి యాదో ఒగదాని కాడ నిలబడి వస్తాండా. నీకేమని చెప్పేది?"

అప్పుడు చెప్పాడు. ఇన్నాళ్ళూ చెప్పనివన్నీ చెప్పాడు. గేటు నుంచి కుడి వైపు అట. లోపలికి పోయేకొద్దీ పిట్టలు ఉంటాయట, ఎవరో గింజలు చల్లి పోతారట. షాబాజ్‌ను దించినప్పుడు తానే లోపలికి దిగాడట. ఎంత తేలిగ్గా ఉన్నాడో అన్నాడు. మొహం ఖిబ్లా వైపు, మక్కా దిక్కుకు తిప్పి, బుగ్గ కింద మట్టి సర్ది పెట్టాడట, నిద్రలో దిండు సర్దినట్టు. "షాబాజ్" అన్నాడు. పేరు అన్నాడు. ఇంకోసారి అన్నాడు. ఆ తర్వాత ఆపుకోలేకపోయాడు. పదమూడేళ్ళ కాపురంలో ఆయన ఏడవడం నేను చూడలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కారు ఊగిపోయేలా ఏడ్చాడు. నేను కూడా ఏడ్చాను. వచ్చింది. నవంబర్‌లో రానిది ఇప్పుడు వచ్చింది.

ఇన్నాళ్ళూ ఆయనకు తెలుసు, నాకే తెలియదు అనుకున్నాను. కడుపులో అసూయగా ఉండేది. ఇప్పుడు ఇద్దరికీ తెలియదు.

ఫిబ్రవరి 15

రాయచోటికి పోదాం అన్నాను. పొద్దున టీ ఇస్తూ అన్నాను. ఇష్తియాక్ కప్పు పట్టుకుని నా వైపు చూశాడు. నిజంగానా అనలేదు. సరే అన్నాడు.

ఎందుకన్నానో తెలియదు. వాడిని వదిలేసి కాదు. అంతవరకు తెలుసు.

మార్చి 6

రంజాన్ రోజా. నోరు ఎండిపోతోంది. సామాను ప్యాకింగ్. షాబాజ్ బట్టలు ఒక్క జత ఉంచుకుని మిగతావి జైనాబ్ డ్రైవర్ పిల్లలకు ఇచ్చాను. ఇస్తుంటే బాగానే ఉన్నాను. సాక్సు ఒకటే దొరికింది, జత దొరకలేదు. దాని కోసం ఇల్లంతా తిరగేశాను. మధ్యాహ్నం దాకా అదే పని.

మార్చి 20

ఎగ్జిట్ కొట్టారు. పాస్‌పోర్టులు చేతికొచ్చాయి.

లస్మవ్వను చూడటానికి పోయాను. ఆమెకు ఇంకా కాంట్రాక్ట్ ఉంది. కౌగిలించుకుని, "పో బిడ్డా, మల్ల తిరిగి సూడకు" అంది. గేటు దాకా వచ్చింది. తిరిగి చూశాను. ఆమె ఇంకా నిలబడే ఉంది.

జైనాబ్ పుస్తకాన్ని ఆ చాప్టర్‌తోనే బేరూత్ పంపిందట. ఒక్క అక్షరం మార్చలేదంది. గొంతు ఉస్తాద్ గొంతులా ఉంది.

ఏప్రిల్ 2. విమానంలో

ఇష్తియాక్ కిటికీ సీటు నాకిచ్చాడు. విమానం లేచాక ఒక వైపు ఒరిగింది. ఊరంతా కనిపించింది. సముద్రం, ఫ్లైఓవర్లు, తెల్లటి కప్పులు. ఏది ఏదో పోల్చుకోవాలని చూశాను. ఇంతలో మబ్బు వచ్చింది.

ఇబ్న్ వర్దాన్ ఒంటె మీద పోయి ఉంటాడు. చాలాసేపు కనిపిస్తూనే ఉండి ఉంటుంది బస్రా.

ఏప్రిల్ 22. మదనపల్లె నుంచి రాయచోటి బస్సు

పక్క సీట్లో పెద్దామె. మల్లెపూల బుట్ట ఒళ్ళో పెట్టుకుంది. యాడ్నించి వస్తాండారు అని అడిగింది. పిల్లోళ్ళు ఎంతమంది అని అడిగింది. ఒక్కడే అన్నాను. యాడుండాడు అంది. జెద్దాలో ఉన్నాడన్నాను.

ఏం చదువుతాండాడు తల్లీ అంది.

రెండో క్లాసు అన్నాను.